కందిరీగ గూడు – గృహనివాసం: నివారణ పద్ధతుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఇంటి చూరు, కిటికీ మూల, గోడపగులు మనుషులకే కాక కందిరీగలకూ ఆశ్రయాలు. వాటి గూళ్లను తొలగించే పద్ధతులు నిప్పు నుండి విషరసాయనాలకు, అక్కడి నుండి ముందుజాగ్రత్తకు మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గూటిని గురించిన జ్ఞానం పెరిగిన మేరకే నివారణ పద్ధతి మెరుగుపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కందిరీగ, గూడు, భ్రమరకీటక న్యాయం, కీటకనాశనులు, నివారణ.

1. ఉపోద్ఘాతం

అమరకోశం ఈ కీటకానికి 'గంధోలీ', 'వరటా' అనే పేర్లను చెప్పింది. కన్నడంలో 'కణజ', మలయాళంలో 'కడన్నల్' వాడుకలో ఉన్నాయి. తెలుగు వాడుకలో 'కందిరీగ' అనే ఒక్క మాట మూడు భిన్న జీవన విధానాలకు వర్తిస్తున్నది. మట్టితో గూడు కట్టి ఒంటరిగా బతికేవి మొదటి రకం. నమిలిన చెక్కపీచుతో కాగితం వంటి తెరచిన గూళ్లు కట్టి చిన్న గుంపులుగా ఉండేవి రెండవవి. పొరలు పొరలుగా మూసిన పెద్ద తుట్టెలలో నివసించే భారీ కందిరీగలు మూడవవి. మొదటి రకం గూటిని కాపాడుకోవడానికి మనుషులను కుట్టడం చాలా అరుదు. మూడవ రకం తుట్టె కదిలితే మూకుమ్మడిగా దాడి చేస్తుంది. పేరు ఒక్కటే కావడంతో భయమూ ఒక్కటే అయింది. నివారణ చరిత్రలోని పొరపాట్లలో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

2. గూడు: విశ్వాసం, పరిశీలన

కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో మూసివేస్తుంది. కొన్నాళ్లకు అందులో నుండి కందిరీగే వెలువడుతుంది. నిరంతర ధ్యానం వల్ల పురుగు కందిరీగగా మారిందని భారతీయ తాత్త్వికులు భావించారు. భ్రమరకీటక న్యాయం అలా రూపొందింది. సంస్కృత భాగవతం ఏకాదశ స్కంధంలోని అవధూత తన గురువులలో ఈ కీటకాన్ని కూడా పేర్కొన్నాడు. చూసినది నిజమే, ఊహించిన కారణం మాత్రం వేరు. తల్లి కందిరీగ పురుగును కుట్టి చలనం లేకుండా చేసి, దానితోపాటు గుడ్డు పెడుతుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. తమిళ ప్రాంతంలో ఇంట్లో మట్టిగూడు కడితే సంతానం కలుగుతుందన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం ఉన్నచోట గూటి జోలికి పోకపోవడమే ఆచారమైంది. హాని చేయని ఈ రకం విషయంలో ఆ ఆచారం సరైనదే.

ఐరోపాలో 1719లో రెనె ద రేమూర్ కందిరీగలు చెక్కపీచుతో గూడు కట్టడాన్ని గమనించి, చెక్కతో కాగితం తయారు చేయవచ్చని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీకి సూచించాడు. ఇక్కడ గూడు భయహేతువు కాక పాఠ్యవస్తువు అయింది.

3. నిప్పు నుండి విషానికి

ఈ జ్ఞానం గృహస్థుల ఆచరణను వెంటనే మార్చలేదు. రాత్రివేళ మంట పెట్టడం, పొగ వేయడం పాత పద్ధతులు. చూరు కింద మంట ఇంటికే ముప్పు తెస్తుంది. 20వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రిటన్‌లో తుట్టెలను చంపడానికి సయనైడ్ వాడేవారు. 1928లో వెలువడిన అగాథా క్రిస్టీ కథ 'కందిరీగల గూడు' ఆ వాడుకనే ఆధారం చేసుకుంది. తోటపని కోసం కొన్న విషం మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారడమే అందులోని చిక్కుముడి. 1939లో పౌల్ ముల్లర్ డి.డి.టి.కి గల కీటకనాశక శక్తిని కనుగొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో రూపొందిన పిచికారీ డబ్బా తరువాత ఇళ్లలోకి వచ్చింది. 1962లో రేచెల్ కార్సన్ 'సైలెంట్ స్ప్రింగ్' ఈ ధోరణిని ప్రశ్నించింది. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించింది.

ఈ తొందరపాటుకు కారణమైన భయం నిరాధారం కాదు. 1902లో రిషే, పోర్తియే వర్ణించిన 'అనాఫిలాక్సిస్' ఒక్క కాటుతో కూడా మరణం ఎలా సంభవిస్తుందో అర్థం చేసుకోవడానికి దారి చూపింది. కాటు సంఖ్య కన్నా శరీరపు ప్రతిస్పందన కీలకమని తేలింది. తుట్టెను స్వయంగా తొలగించడం ఎవరికి తగదో దీనివల్ల స్పష్టమైంది.

4. ముందుజాగ్రత్త

సమశీతోష్ణ ప్రాంతాలలో తుట్టె సాధారణంగా ఒక్క ఏడాదిది. వసంతంలో ఒంటరి రాణి దానిని ఆరంభిస్తుంది, చలికాలానికి అది ఖాళీ అవుతుంది. అందువల్ల ఆరంభదశలోనే గుర్తించడం సులభం, ఖాళీ తుట్టెను తగలబెట్టడం నిరర్థకం. భారతదేశంలో పరిస్థితి వేరు. రాఘవేంద్ర గడగ్‌కర్ దీర్ఘకాలం అధ్యయనం చేసిన 'రోపాలిడియా మార్జినాటా' గూళ్లు ఏడాది పొడవునా కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడ చూరును, గవాక్షాలను తరచు పరిశీలించడం, పగుళ్లు పూడ్చడం, సన్నని జాలీ బిగించడం అవసరం. లోపల కందిరీగలు ఉండగా రంధ్రం మూస్తే అవి ఇంట్లోకి దారి చేసుకునే ప్రమాదముంది.

2020 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో నిపుణులు ఒక భారీ కందిరీగకు చిన్న రేడియో పరికరం కట్టి, దానిని వెంబడించి తుట్టెను కనుగొన్నారు. విషం చల్లకుండా గాలితో పీల్చి వాటిని తొలగించారు. 2024లో ఆ జాతి అక్కడ నిర్మూలితమైనట్లు ప్రకటించారు.

5. ముగింపు

నిప్పు, సయనైడ్, డి.డి.టి. మూడూ రకం చూడకుండా గూటిని శత్రువుగా భావించాయి. అయితే కందిరీగలు పంటపురుగులను వేటాడి రైతుకు మేలు చేస్తాయి. ఏ గూడు ఎవరిదో గుర్తించి, మట్టిగూటిని వదలి, జనసంచారమున్న చోటి తుట్టెను నిపుణులకు అప్పగించడమే ఈ చరిత్ర సూచించే మార్గం. ఒకే మాట కింద మరుగునపడిన మూడు జీవితాలను వేరుచేసి చూపే పదజాలం తెలుగులో స్థిరపడటం భాషావసరం మాత్రమే కాదు, ప్రాణరక్షణకూ అవసరం.