ఖాళీ సంచికీ లేబులు ఉండేది

ఈ ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను సికింద్రాబాదులో టపా సార్టింగు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందుచేత ఉత్తరాల అరల నాటినుంచి నేటి పార్సిలు బెల్టుల దాకా, “ఇది ఎక్కడికి పోవాలి” అన్న కబురు ఎలా నడిచిందో నాకు తెలిసినంత వ్రాస్తున్నాను.

వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. రైలు వేళకు సంచి కట్టి అందించడమే మా ఉద్యోగం. ఎదురుగా అరల బీరువా, చేతిలో ఉత్తరాల కట్ట. చిరునామాలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, ఒక్కోసారి మూడూ కలిసి ఉండేవి. అసలు మన ఊరి పేరుతోనే చిక్కు. ఉత్తరప్రదేశ్‌లో బులంద్‌షహర్ జిల్లాలో ఇంకొక సికందరాబాదు ఉన్నది. ఇంటర్వ్యూ కార్డు అటు పోయి తిరిగి వచ్చేసరికి ఇంటర్వ్యూ కాస్తా అయిపోతుంది. ఈ రోగానికి మందుగా 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. దానిని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్‌గారు సంస్కృత కవి కూడా. మొదటి అంకె ప్రాంతాన్ని, మొదటి మూడూ కలిసి సార్టింగు జిల్లాను, చివరి మూడు బట్వాడా ఆఫీసును చెబుతాయి. మన హెడ్డాఫీసు 500003. ఆ ఊరిది 2తో మొదలు. మొదటి అంకె దగ్గరే తగాదా తీరిపోయింది.

పిన్‌కోడు కంటె పాతవి, నా దృష్టిలో అంతకంటె గొప్పవి, మూడు అలవాట్లు మాకు ఉండేవి. కట్ట మీద చెక్ స్లిప్పు పెట్టేవాళ్ళం. కట్టలో పరాయి ఉత్తరం దొరికితే ఆ కట్టినవాడు ఎవరో ఆ స్లిప్పే చెప్పేది. దారి తప్పిన ఉత్తరం మీద ‘మిస్‌సెంట్’ ముద్ర పడేది. మూడవది ఖాళీ సంచి. ఫలానా ఆఫీసుకు రోజూ సంచి వెళ్ళాలని పట్టీలో ఉంటే, అందులో వేయడానికి ఒక్క కార్డు లేకపోయినా సంచి కట్టి, సీలు వేసి, లేబులు తగిలించి పంపవలసిందే. కొత్తగా చేరినవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉండేది. కాని ఆలోచించండి. సంచి రాకపోతే రెండర్థాలు: ఉత్తరాలు లేవు, లేదా సంచి దారిలో పోయింది. ఖాళీ సంచి వస్తే ఒకటే అర్థం.

తరువాత బార్‌కోడు వచ్చింది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే ఊరి దుకాణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లం మీది గీతలను యంత్రం చదివింది. తపాలా వస్తువులకు ప్రపంచ తపాలా సంఘం 13 స్థానాల సంఖ్యను నిర్ణయించింది. ముందు రెండు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర దేశం, మనకైతే ఐఎన్. తొమ్మిదవ అంకె కాపలాదారు. మొదటి ఎనిమిదింటినీ వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగించాలి. శేషాన్ని 11లోంచి తీసివేస్తే కాపలా అంకె వస్తుంది. 12345678 తీసుకుంటే మొత్తం 204, శేషం 6, కాపలా అంకె 5. (ఫలితం 10 అయితే 0, 11 అయితే 5 వేస్తారు.) ఇంట్లో స్పీడ్ పోస్టు రసీదు ఉంటే లెక్క వేసి చూడండి, మధ్యాహ్నం బాగా గడుస్తుంది.

అయితే కాపలా అంకె తప్పు చదివితేనే పట్టుకుంటుంది. అసలు చదవలేకపోతే?

మా మేనల్లుడి కొడుకు మేడ్చల్ వైపు ఒక సరకుల గిడ్డంగిలో స్కానర్ల పని చూస్తాడు. ఒక ఆదివారం వచ్చి, “తాతయ్యా, స్కానరు చక్కగా చదువుతోంది, పచ్చదీపం వెలుగుతోంది, పార్సిళ్ళు మాత్రం ఏ దారీ దొరకనివి పడే చివరి గంపలోకే పోతున్నాయి” అన్నాడు. మరునాటికి కారణం వాడే పట్టుకున్నాడు. స్కానరు పంపే కబురుకు మొదట ఒక గుర్తు, నడుమ సంఖ్య, చివర ఒక గుర్తు ఉంటాయట. బెల్టును నడిపే యంత్రం ఆ చివరి గుర్తు కోసం కాచుకుని ఉంటుంది. ఇక్కడ స్కానరు ఒక గుర్తు పంపుతోంది, అది వేరొక గుర్తుకు ఎదురు చూస్తోంది. సీలు తేడాగా ఉన్న సంచిని మనం తీసుకోనట్టే అదీ తీసుకోలేదు. పైగా బెల్టు సెకనుకు రెండు మీటర్లు నడుస్తూ, పక్కకు నెట్టే చెయ్యి ఆరు మీటర్ల దూరంలో ఉంటే, కబురు చేరడానికి ఉన్న వ్యవధి మూడే సెకన్లు.

గుర్తులు సరిచేశాక వాడికి ఇంకొక సందేహం. “చదవలేకపోతే ఏమీ పంపకుండా ఊరుకోమనవచ్చు, ‘చదవలేదు’ అని పంపమననూ వచ్చు. ఏది పెట్టమంటారు?” నేను ఖాళీ సంచి సంగతి చెప్పాను. వాడు నవ్వి, “అది మాకూ ఉంది తాతయ్యా, హార్ట్‌బీట్ అంటాం” అన్నాడు. పార్సిళ్ళు ఏవీ రాకపోయినా స్కానరు కొన్ని సెకన్లకొకసారి ‘ఉన్నాను’ అని కబురు పంపుతుందట. లేకపోతే తీగ తెగిందో, సరకే లేదో తెలియదు. వాడు ‘చదవలేదు’ అన్న కబురు పెట్టాడు. పాత లేబులు చించని పార్సిలు మీద రెండు బార్‌కోడులు కనిపిస్తే దానికి వేరే కబురు. ప్రతి కబురులోనూ స్కానరు నెంబరు, మా చెక్ స్లిప్పులాగా.

‘చదవలేదు’ అన్నవి ఇప్పుడు వేరే వరుసలోకి వెళ్తాయి. వాటిలో ఇన్సులిన్ డబ్బాలు కూడా ఉంటాయట, మన వయసువాళ్ళకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఆ వరుస దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నిలబడి, తడిసిన లేబులు తుడిచి, చిరునామా చదివి, పిన్‌కోడు చేత్తో కొడతారు. 500003 అయితే మీటల వైపు చూడకుండానే కొట్టేస్తారట.