పాత ఇంటి తీగల ఆనవాలు

అరకు దారిలో, తూర్పు కనుమల పాదమున నున్న శృంగవరపుకోటలో పాత పెంకుటిండ్లు నేటికిని కొన్ని నిలిచియున్నవి. వానిలో ఒకదాని అటక యెక్కి, దూలము వెంబడి పోయిన కొయ్యపట్టీని తడవి చూచినచో, ఈ సీమకు విద్యుత్తు వచ్చిన వృత్తాంతమెల్ల అచ్చట దుమ్ము క్రింద పొరలుపొరలుగా కానవచ్చును.

ఆ కొండలకావల, ఒడిశా సరిహద్దున, డుడుమ జలపాతము నాశ్రయించి కట్టిన మాచ్‌ఖండ్ కేంద్రము 1955లో విద్యుదుత్పత్తి నారంభించినది. 1959లో రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడినది. ఆపై ఉత్తరాంధ్రమున కిరసనాయిలు బుడ్డి వెలిగిన యిండ్లలో ఒక్కొక్కటిగా బల్బులు వ్రేలాడసాగినవి. ఆనాటి తీగకు రబ్బరు తొడుగు, దానిపై నూలల్లిక. దానిని టేకు పట్టీ గాడిలో నుంచి మూత బిగించెడివారు. తరువాత బ్యాటెన్లపై రేకు క్లిప్పులు, ఆ వెనుక పి.వి.సి. గొట్టములు వచ్చినవి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నప్పుడును, నూతికి మోటారు పెట్టినప్పుడును పాత తీగకు క్రొత్త తీగ అతుకుపడినది.

ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు అనుట నియమమే. కాని వంటింటి పొగకును ఏండ్ల వానతేమకును వన్నె తప్పిన నూలల్లికలో ఎఱుపును నలుపును ఒక్క మట్టిరంగే యగును. న్యూట్రలునకు చెరగని గుర్తుండవలెననియు, ఫేజుతోపాటు ఒక్కమారే తెగెడి జంటస్విచ్చు దక్క దానిపై వేరు స్విచ్చుగాని ఫ్యూజుగాని ఉండరాదనియు 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 32వది శాసించినది. అయినను స్విచ్చు న్యూట్రలుపై పడిన పాత యిండ్లను నేను చూచితిని. దీపమారును; హోల్డరులో మాత్రము 230 వోల్టులు పొంచియుండును.

ఇట్లు రంగును నమ్మరానిచోట సాధనమే దిక్కు. వైర్‌మన్ జేబులోని టెస్టరు గర్భమున మెఱయునది, 1898లో రామ్సే, ట్రావర్సులు లండనున కనుగొన్న నియాన్ వాయువు. సుమారు పది లక్షల ఓముల నిరోధము గుండ, మిల్లీ ఆంపియరులో నాల్గవవంతునకు లోబడిన ప్రవాహము మన వ్రేలినుండి నేలకు దిగుటచే అది వెలుగును. చవుకైనది, చేతికందినది; కాని పాత యింట దీనినొక్కదానినే నమ్ముట ప్రమాదము. పొడి కొయ్యబల్లపై నిలిచినవానికి అది మినుకుమనును. ప్రక్కతీగ ప్రభావమున కరెంటు లేని తీగయందును వెలుగును. ఎచ్చటనో న్యూట్రలు తెగినచో, బల్బుగుండ వచ్చిన ఫేజు వలన రెండు తీగలును ఫేజులుగానే తోచును. అది వెలిగిన హెచ్చరికయే గాని, వెలుగకుండుట అభయము గాదు.

వెనుకటి మేస్త్రీల టెస్టు ల్యాంపు, హోల్డరునకు రెండు తీగలు తగిలించిన వట్టి బల్బే యైనను, ఇంతకంటె మేలైన సాక్షి. ఫేజుకును న్యూట్రలునకును నడుమ అది నిండుగా వెలుగును. ఫేజుకును ఎర్తుకును నడుమ మసకబారినచో, బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంత నీరు లేక ఎండినదని అనుమానింపవలెను. రెండు ఫేజులు తగులు అవకాశమున్నచోట 400 వోల్టులకు బల్బు పగులునని, రెండు బల్బులను వరుసగా కలిపెడివారు. నేటి డిజిటల్ మల్టీమీటరు సూక్ష్మమైనది గావున ప్రేరిత వోల్టేజికి సైతము అంకెలు చూపును. బల్బు ఆ భ్రమను తీర్చును. అయితే మెయిన్ కట్టి, ఫ్యూజులు తీసిన పిమ్మట, ఏ తీగ ఏ గదికి పోయినదో తెలిసికొనుటకు మీటరు బజ్జరు, పెళుసెక్కిన రబ్బరు బలము తెలిసికొనుటకు 500 వోల్టుల మెగ్గరు కావలసినదే.

పాత యిల్లు బాగుచేయించువారలారా, లైసెన్సున్న వైర్‌మన్‌నే పిలువుడు. సాధనమును ముందు కరెంటున్నదని తెలిసినచోట పరీక్షించి, పిదప మీ తీగను పరీక్షించి, మఱల మొదటిచోట పరీక్షించిన తరువాతనే తీగపై చేయివేయుమని అతనికి చెప్పుడు.