కవచమను నక్షరము

చీనా లిపిలో "జియా" యను నక్షరమొకటి కలదు. చిన్న చతురస్రమును నడుమ నొక యడ్డగీతయు నొక నిలువుగీతయు ఖండించి, నిలువుగీత క్రిందికి సాగినచో నదియే జియా. తాబేటి చిప్ప, వ్రేలి గోరు, యోధుని కవచము, వరుసలో మొదటిది—ఇన్ని యర్థములు దీనికి గలవు. ఈ యొక్క యక్షరము నడచిన దారిని పరిశీలించినచో, రక్షణమను మాట యెన్ని రూపులు దాల్చునో తెలియును.

1899వ సంవత్సరమున వాంగ్ యీరోంగ్ అను పండితుడు పాత యెముకలపై ప్రాచీనలిపిని గుర్తించెను. 1928 మొదలు అన్యాంగ్ చెంత జరిగిన త్రవ్వకములలో, షాంగ్ రాజులు శకునము లడుగుటకు వాడిన తాబేటి చిప్పలును పశువుల యెముకలును వేలకొలది దొరకెను. వానిపై నీ యక్షరము కేవలము రెండు గీతల కూడలి. పదిదినముల వారములో మొదటి దినమునకు గుర్తు. మన సంవత్సరములకు ప్రభవ యెట్లో, వారి యఱువదియేండ్ల చక్రమునకు "జియాజి" యట్లు; కడచిన జియాజి 1984లో వచ్చెను. క్రీ.శ. 100 ప్రాంతమున నిఘంటుకారుడగు షూ షెన్ ఈ యక్షరమును, విత్తనపు పొట్టును తలదాల్చి వెలువడు మొలకగా వివరించెను.

పొట్టును చిప్పయు కర్ణుని కవచమువలె సహజములు. యోధుని కవచ మట్టిది కాదు. ఒకరు చేసి తొడుగవలెను. షియాన్ చెంత చీనా ప్రథమచక్రవర్తి సమాధియొద్ద 1998లో ఱాతికవచములు బయల్పడెను. ఒక్కొక్కదానికి సుమారు 600 పలకలను లోహపుతీగతో కూర్చియుండిరి. దెబ్బకు బగులు సున్నపుఱాయి గావున నవి యుద్ధమునకుగాక సమాధికై చేసినవని పండితుల నిర్ణయము.

ఈ యక్షరము పల్లెలకును దిగెను. 1381లో మింగ్ ప్రభుత్వము 110 కుటుంబముల నొక కూటముగా జేర్చి, పది ధనికకుటుంబములకు బెత్తనమిచ్చి, తక్కిన నూటిని పది "జియా"లుగా విభజించి, పన్నులును వెట్టిపనులును రాబట్టెను. చింగ్ చక్రవర్తుల కాలమున, 1708 నాటి యేర్పాటు ప్రకారము, నూఱిండ్లు ఒక జియా. పది జియాలు ఒక "బావో". బావో యనగా కాపాడుట. ప్రతి తలుపుపైనను ఇంటివారి పేళ్లు వ్రాసిన పలక వ్రేలాడవలెను. పొరుగువాని నేరమును దాచిన నిరుగువారికిని దండనము తప్పదు. దొంగలనుండి కాపాడుటకే యని చెప్పి, ప్రజలను ఒకరికొకరు కావలివాండ్రనుగా జేసిరి.

తాబేటి చిప్ప తాబేటితోబాటు పెరుగును. పొట్టు మొలక రాగానే విడిపోవును. అధికారి తొడిగిన కవచము పెరుగదు, విడిపోదు. ఇది చీనాకే చెల్లిన మాట కాదు. కాపాడుచున్నానని చెప్పి యింటివారి రాకపోకలకును చదువునకును లెక్క యడుగు ప్రతి గృహస్థుడును తనవారికి ఱాతికవచమునే తొడుగుచున్నాడు. విత్తును గాచిన పొట్టు మొలకకు దారి యిచ్చునట్లు, కాచిన చేయి దారి యిచ్చినప్పుడే యది రక్షణ మనిపించుకొనును.