రెక్కల కష్టం – అశ్వశక్తి

కష్టాన్ని చెప్పే మాటలు ఏ భాషలోనూ ఊరకే పుట్టవు. ఎవరు కష్టపడ్డారో, ఎవరు నిలబడి చూశారో, ఎవరు లెక్క వ్రాసుకొన్నారో ఆ మాటలే చెబుతాయి. మా చెన్నూరు గోదావరి ఒడ్డున ఉన్నది. ఇక్కడ ఆ నది ఉత్తరవాహినిగా ప్రసిద్ధి. ఊరికి పడమటి దిక్కున మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గు గనులు. అందుచేత ఈ సీమలో సేద్యపు తెలుగు, గనుల ఇంగ్లీషు ఇరుగుపొరుగుగా పెరిగినవి. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడడమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

తెలుగువాడు శ్రమను అవయవాలతో చెబుతాడు. రెక్కల కష్టం, నడుము వంచడం, చెమటోడ్చడం – అన్నీ ఒంటిలో నుండి వచ్చిన మాటలే. "రెక్కాడితే గాని డొక్కాడదు" అన్న సామెతలో పని, తిండి రెండూ ఒక్క క్రియతో ముడిపడినవి. ఇదే స్థితిని ఇంగ్లీషువారు 'హ్యాండ్ టు మౌత్' అంటారు. చేతికి వచ్చినది నోటికే సరి అని దాని భావం. అందులో మిగులు లేదన్న లెక్క ఉన్నది గాని, చేయి ఆడిన కష్టం లేదు. అయితే వారి భాషకూ అవయవాలు కొత్త కావు. బలంగా రుద్ది తోమే శ్రమకు 17వ శతాబ్దిలోనే 'ఎల్బో గ్రీజ్' అన్నారు; అంటే మోచేతి నూనె! కండరానికి వారు వాడే 'మజిల్' శబ్దానికి లాటిన్ మూలంలో చిట్టెలుక అని అర్థం. చర్మం క్రింద కండ కదలడం ఎలుక కదిలినట్లు తోచినదేమో!

పశువుల విషయంలో మాత్రం దేశభేదం స్పష్టం. మనది గొడ్డుచాకిరి, వారిది 'వర్క్ లైక్ ఎ హార్స్'. మన పొలంలో ఎద్దు, దున్న. వారి పొలంలో, గని ఒడ్డున గుర్రం. గనిలో ఊరే నీటిని తోడడానికి గుర్రాలను గానుగ తిప్పినట్లు తిప్పేవారు. ఆవిరి యంత్రాలు అమ్మజూపిన జేమ్స్ వాట్, తన యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవారికి చెప్పవలసి వచ్చినది. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపే శక్తిని 1780ల దశకంలో ఒక 'హార్స్ పవర్'గా లెక్క కట్టాడు. మన పాఠ్యపుస్తకాలలోని అశ్వశక్తి అదే.

ఇక 'వెట్టి'. ఇది సంస్కృత 'విష్టి' శబ్దభవమని పెద్దలంటారు. కూలి లేకుండా చేయించుకొనే పనికి కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే ఆ పేరున్నది. 'చాకిరి' పారశీకపు 'చాకర్' నుండి వచ్చినది, సేవకుడని అర్థం. ఒక్క వెట్టిచాకిరి అన్న మాటలో రెండు రాజభాషలు కలిసినవి గాని, మోసిన భుజం మాత్రం తెలుగువానిదే. నిజాం రాజ్యంలో 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ ఉద్యమం, 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటం ఈ మాట మీదనే తిరగబడినవి. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం వచ్చినది 1976లో.

మన నుండి ఇంగ్లీషులోనికి పోయిన మాట ఒకటున్నది – 'కూలీ'. తమిళ 'కూలి'యే దీనికి మూలమని ఒక వాదం, గుజరాతు ప్రాంతపు కోలీల పేరని మరొక వాదం. మనకు కూలి అంటే పనికి వచ్చే ప్రతిఫలం; అడిగి తీసుకోవలసిన హక్కు. ఓడ దాటిన తరువాత అది మనిషికే పేరైనది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరినది. ఆ ఓడతో మొదలై 1911 వరకు లక్షన్నర మందికి పైగా ఒప్పందపు కూలీలుగా వెళ్లారు. వారిలో తెలుగువారు అనేకులు. అక్కడ ఆ మాట తిట్టుగా మారి, గాంధీజీని సైతం 'కూలీ బారిస్టరు' అనిపించినది. ప్రతిఫలాన్ని చెప్పే మాట అవమానాన్ని చెప్పే మాటగా దిగజారడం కంటె ఒక శబ్దానికి దుర్గతి ఏమున్నది?

మా వైపు గనులలో కథ వేరు. 1889లో ఇల్లందులో బొగ్గు త్రవ్వకం మొదలైనది. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడినది. ఆ దశాబ్ది చివరకు త్రవ్వకం బెల్లంపల్లికి వచ్చినది. దొర పొలంలో లెక్క లేని పని చేసిన కులాలవారికి గనిలో 'మస్టరు' దొరికినది. లాటిన్‌లో 'చూపు' అనే క్రియ నుండి పుట్టి, సైన్యంలో హాజరుగా మారిన మాట ఇది. "ఇన్ని మస్టర్లు పడినవి" అని చెప్పుకోవడంలో ఉన్న ధీమా వెట్టి ఎరిగినవారికే తెలియాలి. చేసిన దినం కాగితం మీద నిలిచినది గదా! షిఫ్టు, ఫేసు, టబ్బు, ఫిల్లరు ఇలాగే తెలుగైనవి. నిజమైన కష్టం ఎక్కడ జరుగునో అక్కడ ఉండడాన్ని ఇంగ్లీషువారు 'ఎట్ ద కోల్ ఫేస్' అంటారు. వారికది అలంకారం; మా వారికది నిత్యం తట్టా చెమ్మసుతో నిలబడిన చోటు.

నేడు తట్టా చెమ్మసు పనిని యంత్రాలు అందుకొన్నవి. మా సమీపంలోని జైపూర్ సింగరేణి విద్యుత్కేంద్రం 2016లో ఉత్పత్తి మొదలుపెట్టినది. దాని సామర్థ్యం 1200 మెగావాట్లు. ఆ 'వాట్' కూడా జేమ్స్ వాట్ పేరే. 746 వాట్లు ఒక అశ్వశక్తి గనుక అది సుమారు 16 లక్షల గుర్రాల బలం. దినమంతా సాగే పనిలో మనిషి బలం గుర్రంలో పదోవంతు అనుకొంటే, కోటీ అరవై లక్షల మంది రెక్కల కష్టం. అంత భారం మనిషి వీపు మీద నుండి దిగడం మంచిదే.

అయితే భారంతో పాటు మాట కూడా దిగిపోతున్నది. చెమ్మసు అంటే ఏమిటని అడిగే పిల్లలు గని కార్మికుల ఇండ్లలోనే ఉన్నారు. వారికి 'హార్డ్ వర్క్' తెలుసు, రెక్కాడడం తెలియదు. ఆ మాటలతో బ్రతికిన పెద్దలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారి నోటి నుండి విని వ్రాసిపెట్టుకొనడం కూడా ఒక చరిత్ర రచనయే. రాజుల శాసనాలు రాతి మీద ఉండనే ఉన్నవి. కష్టజీవుల శాసనం వారి మాటలోనే ఉన్నది.