మరమ్మతుకు గిటార్‌ను విదేశానికి పంపేముందు

గిటార్‌ను తయారీదారుకు పంపేటప్పుడు తొలుత తీగలను వదులు చేయాలి. పెట్టె కిందపడితే ఎక్కువగా విరిగేది మెడ, తల కలిసే చోటే. అందువల్ల గట్టి కేసులో ఆ భాగం కింద మెత్తని ఆధారం అమర్చాలి.

కలప రకమూ ముఖ్యమే. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ సైటిస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది. దానితో చేసిన వాద్యాన్ని అనుమతి పత్రం లేనిదే సరిహద్దు దాటించరాదు. భారతీయ రోజ్‌వుడ్ సహా ఇతర రోజ్‌వుడ్ రకాలతో తయారైన వాద్యాలకు 2019 నవంబరు 26 నుంచి మినహాయింపు లభిస్తోంది.

భారత్ నుంచి పంపేవారు వాద్యం క్రమసంఖ్యను, మరమ్మతు ఉద్దేశాన్ని కస్టమ్స్ పత్రాల్లో నమోదు చేయించాలి. అలా చేస్తే, గడువులోగా తిరిగివచ్చిన వాద్యంపై మరమ్మతు ఖర్చు, రానుపోను రవాణా, బీమా మొత్తానికే సుంకం పడుతుంది. ఆధారం లేకపోతే సొంత గిటార్‌కే కొత్త దిగుమతిగా పూర్తి సుంకం చెల్లించాల్సి రావచ్చు.