ఎయిడ్స్ నివారణ చరిత్ర: మనం రాయని అధ్యాయం

2004లో నేనొక కథ రాశాను. తొర్రూరు పరిసరాల నుంచి భివండీకి వలసపోయిన ఒక దర్జీ అక్కడ వేశ్యావాటికకు వెళ్ళి, ఎయిడ్స్ తెచ్చుకుని, ఊరికి తిరిగివచ్చి చనిపోతాడు. కరువు, వలస, మరమగ్గాల షెడ్లలో బతుకు, పట్టించుకోని ప్రభుత్వం అన్నీ ఆ కథలో ఉన్నాయి. సామాజిక వాస్తవికత ఉందని మిత్రులు మెచ్చుకున్నారు. కాని ఆ కథలో ఒక అబద్ధం ఉంది. ఈ వ్యాసం ఆ అబద్ధం గురించి.

ఆ దర్జీ నాకు తెలిసిన మనిషి. మా ఊళ్ళో భాగవతం ఆడినప్పుడల్లా ఆడవేషం అతనిదే. అతను భివండీలో ఏ స్త్రీ దగ్గరికీ పోలేదు. అతను ప్రేమించింది మగవాళ్ళను. ఈ సంగతి నాకు తెలుసు, ఊరికీ తెలుసు. అయినా పెద్దలు పెళ్ళి చేశారు. జబ్బు భార్యకూ అంటింది. కథ రాయడానికి కూర్చున్నప్పుడు, ఉన్నదున్నట్టు రాస్తే పాఠకుడి సానుభూతి పోతుందని భయపడి ఒక వేశ్యను కల్పించాను. అతని చావుకు కారణాన్ని ఒక స్త్రీ మీదికి నెట్టాను. ఆ విధంగా ఒకే కథలో ఇద్దరికి అన్యాయం చేశాను.

ఎనిమిదేళ్ళ తర్వాత వరంగల్లులో ఒక సభ ముగిశాక ఒక యువకుడు నన్ను కలుసుకున్నాడు. మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళ మధ్య ఎయిడ్స్ నివారణ పని చేస్తున్నానని చెప్పాడు. "సార్, మీ కథ నేను ఇంటర్ల ఉన్నప్పుడు చదివిన. ఆడోళ్ళ తానకు పోతెనే ఈ రోగమొస్తదని సమజైంది. నేను పోను గదా, నాకేం గాదనుకున్న. మా పోరగాళ్ళందరు గట్లనే అనుకునేది" అన్నాడు. అంతకు మించి అతను చెప్పలేదు. నేనూ అడగలేకపోయాను.

సాహిత్యానికి సామాజిక ప్రయోజనం ఉండాలని మనం మొదటినుంచీ చెబుతున్నాం. అలాగైతే దానివల్ల జరిగే హానికి కూడా మనమే జవాబుదారులం. ఆ బాధ్యతతోనే ఈ చరిత్రను తవ్వి చూశాను.

1

వ్యాధి రాకముందే చట్టం వచ్చింది. బ్రిటిషు ప్రభుత్వం 1860లో చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను "ప్రకృతి విరుద్ధమైన" సంభోగాన్ని యావజ్జీవ శిక్ష దాకా వెళ్ళగల నేరంగా ప్రకటించింది. 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని మనం ఎరుకల, యానాది, లంబాడీల చరిత్రలో భాగంగా చదువుకున్నాం. అదే చట్టం రెండవ భాగం హిజ్రాలను రిజిస్టర్లలోకి ఎక్కించడానికి ఉద్దేశించినదని మనలో ఎందరు గమనించాం?

నైజాం రాజ్యం కూడా ఈ విషయంలో వెనకబడలేదు. 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాదు రాజ్యం ఇలాంటి చట్టమే చేసింది. దాని ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలి. నమోదైనవారు ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా, పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు, జైలుకు పంపవచ్చు. కడవెండి, విసునూరు, పాలకుర్తి మా తొర్రూరుకు దూరం కాదు. దొడ్డి కొమరయ్య, చిట్యాల ఐలమ్మ నడిచిన నేల ఇది. నైజాం నిరంకుశత్వం మీద మనం గుట్టలుగా రాశాం. వెట్టి గురించి రాశాం, లెవీ గురించి రాశాం. ఈ చట్టం గురించి ఒక్క పేరా రాసినట్టు నాకు గుర్తులేదు. నైజాం పోయాడు, దేశ్‌ముఖులు పోయారు, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో నిలిచే ఉంది. వైజయంతి వసంత మొగ్లి 2018లో దాన్ని కోర్టులో సవాలు చేయగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. రాజరికపు అవశేషాన్ని తుడిచివేసిన ఆ గౌరవం మనకు దక్కలేదు. మనం ఎవరి గురించి రాయలేదో వారికే దక్కింది.

మన గ్రామీణ సంస్కృతి ఈ మనుషులను ఎరగనిది కాదు. ఐనవోలు మల్లన్న జాతరలో చీరకట్టి పూనకంతో ఊగే మగ శివసత్తి కాళ్ళకు జనం మొక్కుతారు. భాగవతంలో సత్యభామ జడ విసిరితే ఈలలు వేస్తారు. తెల్లవారి అదే మనిషి బజారుకు వస్తే ఎగతాళి చేస్తారు. జాతరకూ వేదికకూ పరిమితమైన ఈ ఆమోదం భూస్వామ్య సమాజపు ద్వంద్వనీతికి మంచి ఉదాహరణ.

2

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన అయిదుగురు యువకుల అంతుబట్టని న్యుమోనియా గురించి ప్రకటించింది. అందరూ పురుషులను ప్రేమించే పురుషులే. వైరస్ ఏమిటో స్థిరపడక ముందే, 1983లో, న్యూయార్కులో రిచర్డ్ బెర్కొవిట్జ్, మైకేల్ కాలెన్ అనే ఇద్దరు రోగులు డాక్టర్ జోసెఫ్ సోనాబెండ్ సలహాతో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. సంభోగం మానివేయమని కాదు, తొడుగు వాడి ప్రాణాలు కాపాడుకోమని అది చెప్పింది. ఎయిడ్స్ నివారణ అనే శాస్త్రానికి తొలి రచయితలలో రోగులు కూడా ఉన్నారన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

అయితే ఆ ఉద్యమానికి కూడా వర్ణభేదం ఉంది. తొలి సంస్థలు, కరపత్రాలు ఎక్కువగా తెల్లవారి పేటలకే చేరాయి. నల్లజాతి యువకుడికి రెండు గోడలు అడ్డం. బయట జాతివివక్ష, లోపల తన చర్చి, తన ఇల్లు. 1986లో న్యూయార్కులో నల్లజాతి పురుషులు తమ సొంత సంస్థను స్థాపించుకున్నారు. అదే సంవత్సరం జోసెఫ్ బీమ్ నల్లజాతి స్వలింగ ప్రేమికుల రచనలతో ఒక సంకలనం తెచ్చాడు. 1988లో ఎయిడ్స్ సంబంధిత వ్యాధితో చనిపోయాడు. అతను మొదలుపెట్టిన రెండవ సంకలనాన్ని కవి ఎసెక్స్ హెంఫిల్ 1991లో పూర్తిచేశాడు. అతను 1995లో, చలనచిత్రకారుడు మార్లన్ రిగ్స్ 1994లో అదే వ్యాధికి బలయ్యారు. వాళ్ళకు సాహిత్యమూ నివారణా వేరు వేరు పనులు కావు. తన బతుకుకు విలువ ఉందని నమ్మని మనిషి దాన్ని కాపాడుకోడు. ఆ విలువను చెప్పడమే వాళ్ళు రాసిన కవిత్వం.

మందులు వచ్చాక కూడా ఆ అసమానత పోలేదు. అప్పటి వేగమే కొనసాగితే నల్లజాతి స్వలింగ ప్రేమికులలో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉందనీ, తెల్లవారిలో అది పదకొండు మందిలో ఒకరికనీ 2016లో అదే కేంద్రం లెక్క చెప్పింది. ఇద్దరికీ సోకేది ఒకే వైరస్. తేడా చూపిస్తున్నది సమాజం.

3

మన దేశంలో తొలి హెచ్‌ఐవి కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల గుర్తించారు. ఆ రక్తనమూనాలు వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలవి. అప్పటినుంచి ప్రచారమంతా ఆ స్త్రీల చుట్టూనే తిరిగింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ ఆ రోజుల్లో దేశంలోనే వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి.

2003 ప్రాంతంలో తెలుగునాట గోడల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని రాశారు. ఆ ప్రశ్న పిల్లల నోళ్ళలో కూడా నానింది. ప్రచారంగా అది గట్టిదే. కాని పులిరాజా ఎవరి దగ్గరికి పోతాడని జనం అనుకున్నారు? స్త్రీ దగ్గరికే. పులిరాజా మరొక పులిరాజాను ప్రేమిస్తే ఏమవుతుందో ఏ గోడా చెప్పలేదు. నా కథ కూడా అలాంటి గోడే.

వాస్తవం దానికి వ్యతిరేకంగా ఉంది. ఆసన సంభోగంలో, ముఖ్యంగా స్వీకరించేవారికి, వైరస్ సోకే అవకాశం మిగతా సంభోగ రూపాలకన్నా ఎక్కువ. అక్కడి పొర సున్నితమైనది, తేలికగా చిట్లుతుంది. కొబ్బరినూనె వాడితే రబ్బరు తొడుగు దెబ్బతిని చిరుగుతుంది. నీటితో చేసిన జెల్ కావాలి. అక్కడ వచ్చే సవాయి, సెగ వంటి సుఖరోగాలు బయటికి కనిపించవు. డాక్టరు అడగడు, రోగి చెప్పడు. ఆంధ్రప్రదేశ్‌లోని ఇలాంటి పురుషుల గురించి 2005లో ప్రచురితమైన అధ్యయనంలో వారిలో గణనీయమైన భాగం వివాహితులని తేలింది. దర్జీ భార్య మరణానికి కారణం ఇందులోనే ఉంది. ఆ బలవంతపు పెళ్ళికి ఆమె కూడా బలి అయింది.

ఈ విషయాలను ఊళ్ళలోకి మోసుకుపోయింది ఎవరు? 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాలలో "అవాహన్" కార్యక్రమం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. హైదరాబాదులో "మిత్రుడు" వంటి సంఘాలు ఆ సమూహాల నుంచే వచ్చినవాళ్ళతో పనిచేశాయి. బస్టాండ్లలో, పార్కులలో, రైల్వేస్టేషన్ల దగ్గర సంచిలో తొడుగులు పెట్టుకుని తిరిగినవాళ్ళు డాక్టర్లు కారు. ఆ సంచే వాళ్ళకు ప్రమాదం కూడా. 2001 జూలైలో లక్నోలో ఇదే పని చేస్తున్న కార్యకర్తలను పోలీసులు 377 కింద పట్టుకుని నెలన్నరకు పైగా జైల్లో ఉంచారు. కరపత్రాలూ తొడుగులూ నేరానికి సాక్ష్యాలయ్యాయి.

ఇదంతా విదేశీ డబ్బుతో నడిచిన వ్యవహారమని మనలో కొందరు కొట్టిపారేశారు. స్వచ్ఛంద సంస్థల మీద విమర్శ నాకూ ఉంది. నిధులు వచ్చినంతకాలం సంఘం, నిధులు ఆగితే సంఘమూ ఆగడం నేను చూశాను. కాని 377ను మొదట కోర్టుకు ఈడ్చింది నిధుల సంస్థ కాదు. ఢిల్లీలోని "ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్" అనే ఉద్యమ బృందం, తీహార్ జైలులో ఖైదీలకు తొడుగులు ఇవ్వడానికి అధికారులు నిరాకరించినప్పుడు, 1994లో ఆ కేసు వేసింది. 2001లో నాజ్ ఫౌండేషన్ మరో కేసు వేసింది. 2006లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఈ సెక్షను నివారణ పనికి ఆటంకమని ప్రమాణపత్రం దాఖలు చేసింది. అదే ప్రభుత్వంలోని హోంశాఖ సెక్షను ఉండాలని వాదించింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరట ఇచ్చింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని లాక్కుంది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు తన తప్పు దిద్దుకుంది.

4

కోర్టు తన తప్పును దిద్దుకుంది. మరి మన సంగతి?

1917 విప్లవం జారు చట్టాలతో పాటు ఈ నేరాన్ని కూడా రద్దుచేసింది. 1922 సోవియట్ శిక్షాస్మృతిలో అది లేదు. 1934లో స్టాలిన్ ప్రభుత్వం దాన్ని మళ్ళీ తెచ్చింది. ఆ సంవత్సరమే గోర్కీ, మనందరికీ "అమ్మ"ను ఇచ్చిన గోర్కీ, స్వలింగ ప్రేమను ఫాసిజంతో ముడిపెడుతూ వ్యాసం రాశాడు. ఆ తీర్పును మనం పరీక్షించకుండానే వారసత్వంగా తీసుకుని, "బూర్జువా పతనం" అనే ముద్ర వేసి ఊరుకున్నాం. జేమ్స్ బాల్డ్విన్‌ను జాతివివక్ష మీద రాసినవాడిగా గౌరవించాం. 1956లో అతను రాసిన "జియోవానీస్ రూమ్"ను పక్కన పెట్టాం.

మన సంప్రదాయంలో మరొక పాయ కూడా ఉంది. 1945లో హైదరాబాదులో జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో అశ్లీలతను ఖండించే తీర్మానం ముందుకు వచ్చింది. మౌలానా హస్రత్ మోహానీ లేచి వ్యతిరేకించాడు. తీర్మానం నెగ్గలేదు. "లిహాఫ్" కథ రాసి ఇస్మత్ చుగ్తాయ్ అశ్లీలత కేసు ఎదుర్కొంటున్న కాలమది. గోర్కీ వ్యాసం ఒక్కటే కాదు, ఈ సభ కూడా మన వారసత్వమే.

భాష సంగతి చూద్దాం. పత్రికలు "స్వలింగ సంపర్కులు" అంటాయి. ఆ మాటలో సంపర్కం తప్ప మనిషి లేడు. వీధిలో వాడే మాటలు తిట్లు. నివారణ కార్యక్రమాలు ఉత్తరాది నుంచి తెచ్చిన "కోతీ" అన్న పేరు తెలుగు చెవికి వెక్కిరింతలా వినిపిస్తుంది. తనకు తాను చెప్పుకోవడానికి గౌరవమైన మాట లేనివాడు డాక్టరు ముందు కూర్చుని ఏం చెబుతాడు? మాటలు తయారుచేయవలసింది ఆరోగ్యశాఖ కాదు, రచయితలు.

5

ఈ వ్యాధి ఈనాడు మరణశాసనం కాదు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది. క్రమంగా మందు వాడి, రక్తపరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు. దాదాపు ఎనిమిది వందల పురుష జంటలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో అలా ఒక్కరికి కూడా సోకలేదు. ముందుగా వేసుకునే నివారణ మాత్రలు ఉన్నాయి. ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటలలోపు మొదలుపెట్టవలసిన మందులున్నాయి. ఆరునెలలకు ఒకసారి తీసుకునే లెనకాపవిర్ ఇంజెక్షనును చవకగా తయారుచేయడానికి 2024లో అనుమతి పొందిన ఆరు కంపెనీలలో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, హైదరాబాదువే. అయినా 2021 జాతీయ లెక్కల ప్రకారం దేశంలో వయోజనులలో హెచ్‌ఐవి 0.2 శాతం దగ్గర ఉంటే, ఈ పురుషులలో 3 శాతం దాటింది. మందు మన రాజధానిలోనే తయారవుతుంది. తొర్రూరు బస్టాండులో నిలబడ్డ పిల్లవాడికీ దానికీ మధ్య ఉన్న దూరం కిలోమీటర్లది కాదు, సిగ్గుది. ఆ సిగ్గును పెంచడంలో నా కలానికీ భాగముంది.

కథల సంపుటి వేద్దామని మిత్రులు అడుగుతున్నారు. ఆ 2004 కథను తీసివేయాలని మొదట అనుకున్నాను. కాని చేసిన తప్పును చెరిపేయడం కూడా మరో అబద్ధమే. అందుకని దాన్ని ఉన్నదున్నట్టే ఉంచుతున్నాను. దాని కింద దర్జీ అసలు కథ ఉంటుంది. ఈసారి అతను భాగవతంలో కట్టిన వేషంతో మొదలవుతుంది. అతని భార్య కూడా అందులో మాట్లాడుతుంది.