ఒళ్లో చాట, సంకలో తమ్ముడు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో తోబుట్టువుల కొట్లాటల చరిత్ర ఆ ఊళ్ల పని చరిత్రతో ముడిపడి ఉంది. పాత కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు పట్టణాల్లో బీడీలు, మరమగ్గాలు, గల్ఫ్ వలస తల్లిదండ్రుల సమయాన్ని మింగేశాయి. చిన్నవాళ్లను సాకే భారం పెద్దబిడ్డ మీద పడింది. అమ్మ చేయాల్సిన పని అక్క చేసింది గాని, అమ్మ మాటకున్న విలువ అక్క మాటకు దక్కలేదు. ఇక్కడి ఇళ్లలో పిల్లల తగవులకు అదొక బలమైన కారణం.

బీడీ పని ఇంట్లోనే సాగుతుంది. ఆడవాళ్లు తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. ఆకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకొని చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. లెక్క తగ్గితే కూలి తగ్గుతుంది కాబట్టి తల్లి చాట ముందు నుంచి లేవలేదు. చంటిబిడ్డ పెద్దకూతురి సంకకెక్కాడు. కాస్త చేయి ఖాళీ అయితే బీడీల మూతులు మడిచే పనీ ఆమెదే. బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల తయారీలో పిల్లలను పెట్టుకోవడాన్ని నిషేధించింది. అయితే కుటుంబసభ్యులే కలిసి చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది. ఇంట్లో చాట పక్కన కూర్చున్న పిల్ల ఆ మినహాయింపు కిందికే వచ్చింది.

సిరిసిల్ల పద్మశాలీల ఊరు. చేమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. వాటిని అక్కడ సాంచాలంటారు. మగవాళ్లు రాత్రీపగలూ వంతులవారీగా సాంచాలు నడిపితే, ఆడవాళ్లు కండెలు చుట్టారు, బీడీలు చేశారు. ఎన్నో కుటుంబాలు భివండీ, షోలాపూర్‌లకు వలసపోయాయి. 1990ల చివరి నుంచి అప్పుల పాలైన నేతకార్మికుల ఆత్మహత్యలు సిరిసిల్లను కుదిపేశాయి. కష్టకాలంలో పెద్దవాడు బడి మాని సాంచా దగ్గరికి పోతే, చిన్నవాడు బడిలో మిగిలిన ఇళ్లున్నాయి. ఒకే కడుపున పుట్టిన ఇద్దరి బతుకుల మధ్య అలా తేడా పడింది. ఆ తేడా లోపల బాధగా, బయటికి కోపంగా మారింది.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి మగవాళ్లు కూలికోసం అక్కడికి తరలారు. తండ్రి రెండు మూడేళ్లకోసారి వచ్చే ఇంట్లో పెద్దకొడుకే మగదిక్కు అయ్యాడు. తమ్ముణ్ని, చెల్లెను అదుపులో పెట్టమన్నారే గాని, ఎలా పెట్టాలో ఆ పసివాడికి చెప్పినవాళ్లు లేరు. అతనికి తెలిసింది గద్దించడం, చేయి చేసుకోవడం.

పెద్దపిల్లలు చిన్న తోబుట్టువులను సాకడం ప్రపంచంలోని ఎన్నో సమాజాల్లో ఉన్న ఆచారమేనని పరిశోధకులు వైస్నర్, గాలిమోర్ 1977లో చూపించారు. ఆ ఆచారం దానంతట అది చెడ్డది కాదు. తోబుట్టువుల మధ్య ఆప్యాయత ఉంటే ఇంటి కష్టాల దెబ్బ పిల్లల మనసుకు తక్కువగా తగులుతుందని 2007లో బ్రిటన్ పిల్లలపై వచ్చిన అధ్యయనం తెలిపింది. హాని వచ్చేది కొట్లాట రోజువారీ వ్యవహారమైనప్పుడు. అరిస్తే, కొడితే అనుకున్నది దక్కుతుందని పిల్లలు ఇంట్లోనే నేర్చుకుంటారని, తోబుట్టువులే అందుకు శిక్షకులవుతారని అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ వివరించారు. ఇంట్లో నేర్చింది బడిలో బయటపడుతుంది.

అమెరికాలో 3,599 మంది పిల్లలపై 2013లో వెలువడిన అధ్యయనంలో, తోబుట్టువుల చేతిలో దెబ్బలో, అవమానమో ఎదుర్కొన్న పిల్లల్లో కోపం, దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపించాయి. 2014 నాటి బ్రిటన్ అధ్యయనం ప్రకారం, 12 ఏళ్ల వయసులో తోబుట్టువుల వేధింపును వారానికి ఎన్నోసార్లు భరించిన వాళ్లకు 18 ఏళ్లకు కుంగుబాటు ముప్పు దాదాపు రెట్టింపు. ‘పిల్లలన్నాక కొట్టుకోరా’ అని వదిలేసే పెద్దలు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. నోరు విప్పని పిల్లల్లో ఆ బాధ నిద్రపట్టకపోవడంగా, కడుపునొప్పిగా, బడికి పోననే మొండితనంగా కనిపించవచ్చు.

ఇప్పుడు ఇళ్లు మారాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఒక స్త్రీకి సగటు సంతానం 1.8. గురుకులాలు పెరిగి ఎంతోమంది ఆడపిల్లలు చాట ముందు నుంచి హాస్టల్‌కు చేరారు. చంకన తమ్ముణ్ని మోసే అక్కలు తగ్గారు. కానీ తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల దగ్గర ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలున్నా పాత లెక్కే నడుస్తుంది. అక్కడ పెద్దబిడ్డకు ఆడుకునే పొద్దు మిగల్చడం, కొడుక్కీ కూతురికీ పని సమంగా పంచడం, ఒకరితో ఒకరిని పోల్చకపోవడం, తగవు వచ్చినప్పుడు ఇద్దరి మాటా వినడం కొట్లాటను మొదట్లోనే తగ్గించే మార్గాలు.